రంగులమ్మ బీరువా

మా చెల్లి పడగ్గదిలో బీరువా తలుపు తీయాలంటే ముందు పక్కకు జరిగి నిలబడాలి. ఎదురుగా నిలబడితే నెత్తి మీద ఏదో ఒకటి పడటం ఖాయం. ఓసారి నా మీద బొత్తాల డబ్బా పడింది. ఇంకోసారి ఏకంగా ఇస్త్రీపెట్టె జారి కాలి బొటనవేలు చితికింది. "ఇది బీరువానా, గోడౌనా?" అని నేను అరిస్తే, "నీకేం తెలుసక్కా, ఏది ఎక్కడుందో నాకు తెలుసు" అనేది. నిజంగానే తెలుసు దానికి. తలుపు తీసి ఒక్క చూపు చూసి, ఆ కుప్ప అడుగున నలిగి చచ్చిపోతున్న బట్ట కొస ఒకటి పట్టుకుని లాగేది. సరిగ్గా తనకు కావలసిందే వచ్చేది. మనం లాగితే మాత్రం కుప్పంతా మీద పడేది.

చెల్లి దారాల దుకాణంలో పనిచేస్తుంది. దారాలు, బొత్తాలు, జిప్పులు, లైనింగు గుడ్డలు అమ్ముతారక్కడ. గోడ పొడవునా, నేల నుంచి పైకప్పు దాకా దారపు కండెలే. దర్జీలు గుడ్డముక్క తెచ్చి బల్ల మీద పడేస్తే, చెల్లి దాన్ని గుమ్మం దాకా తీసుకెళ్లి, వెలుతురులో ఒకసారి చూసి, వెనక్కి తిరిగి కండె తీసి ఇచ్చేది. రెండో కండె తీయడం నేనెప్పుడూ చూడలేదు. దర్జీలంతా దాన్ని రంగులమ్మ అంటారు. అది సెలవు పెట్టిన రోజున "రంగులమ్మ లేదా? అయితే రేపొస్తాలే" అని వెనక్కి పోయేవాళ్లు. దుకాణం యజమాని ముఖం మాడ్చుకునేవాడు. నేనేమో ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా తెల్ల దుప్పట్లు, తెల్ల గలీబులు. నాకు తెలిసిన రంగు తెలుపొక్కటే. అందులోనూ మరక పోయిందా లేదా అన్నదే నా గొడవ.

చెల్లిలాంటి మనిషి బీరువా ఎలా ఉంటుంది మరి? ఆకుపచ్చ డ్రెస్సులే బోలెడు. నా కంటికి అన్నీ ఒకటే. "ఒకే డ్రెస్సు ఇన్నిసార్లు కొన్నావేమే, మతి పోయిందా?" అన్నానోసారి. దానికి చర్రున కోపమొచ్చింది. "ఇది సీసా పచ్చ. ఇది వాన వెలిసినప్పటి గడ్డి. ఇది నిమ్మాకు ముదిరాక ఉండే పచ్చ, ఇదేమో ముదరకముందుది. కళ్లున్నాయా నీకసలు?" అంటూ ఒక్కొక్కటే నా ఒళ్లో పడేసింది. వాటికి తోడు దుకాణంలో మిగిలిపోయిన గుడ్డముక్కలు, కంపెనీ చేయడం మానేసిన రంగుల కండెలు, సగం ఊడిన బొత్తాల అట్టలు. "ఈ రంగు ఇక రాదక్కా" అంటూ ఏ పారేసే వస్తువైనా ఇంటికి మోసుకొచ్చేది. అన్నీ ఆ బీరువాలోకే పోయేవి.

ఒకరోజు ముసలి దర్జీ ఒకాయన కండె వెనక్కి తెచ్చాడు. "రంగులమ్మా, మెరూను అడిగితే కాఫీ రంగు ఇచ్చావేంటి? పరధ్యానమా?" అని నవ్వాడు. చెల్లి నవ్వలేదు. ఆ రెండు రంగుల కండెలూ గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసిందట. రెండూ ఒకేలా ఉన్నాయట. ఎండలోకి నడిచి చూసినా ఒకేలా ఉన్నాయట.

కళ్ల డాక్టరమ్మ దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్లింది. మొగుడికి చెప్పనేలేదు. డాక్టరమ్మ చుక్కల మందు వేసి, దీపాలు పెట్టి, చాలాసేపు చూసి, కంటి నరం ఎండిపోతోందని చెప్పింది. కళ్లద్దాలు మార్చినా, ఆపరేషను చేసినా లాభం లేదట. ముందు రంగులు వెలిసిపోతాయి, తర్వాత చూపు మధ్యలో మసక వస్తుంది, ఆ మసక పెరుగుతూ పోతుంది. "ఎన్నాళ్లండీ?" అని అడిగాను నేను. "ఏడాది పట్టొచ్చు. అంతకంటే తొందరగానూ కావచ్చు" అంది. చెల్లి మాత్రం వేరే ప్రశ్న అడిగింది.

"ముందు ఏ రంగు పోతుందండీ?"

"ఎరుపు, ఆకుపచ్చ" అంది డాక్టరమ్మ.

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడి నేను ఏడుస్తుంటే, అది నా మీదే విసుక్కుంది. "ఊరుకో అక్కా, అందరూ చూస్తున్నారు. ఒక్కటే చెప్తున్నా. ఆయనకు ఈ సంగతి చెప్పావో, మళ్లీ నీ మొహం చూడను" అంది. అన్నాక తన మాట తనకే తట్టి, నా పక్కన కూర్చుని అదీ ఏడ్చింది.

మా మరిది, అంటే దాని మొగుడు, స్కూలు బస్సు నడుపుతాడు. చెడ్డవాడంటే నా నోట్లో పురుగులు పడతాయి. పెళ్లాన్ని కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటాడు. చెల్లి భయమంతా అదే. దాని అత్తగారికి, అంటే మరిది తల్లికి, చివరి రోజుల్లో చూపు పోయింది. అప్పుడు మరిది ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, అన్నం తినిపించాడు, తల దువ్వాడు, బట్టలు తొడిగాడు. వీధి వీధంతా "కొడుకంటే వాడూ" అని మెచ్చుకుంది. ఆవిడ లేచి నీళ్లగ్లాసు అందుకోబోతే, "నేనున్నాగా అమ్మా!" అంటూ పరుగెత్తుకొచ్చేవాడు. కొన్నాళ్లకు ఆవిడ లేవడమే మానేసింది. ఓ మధ్యాహ్నం ఒళ్లో బట్ట తడుముకుంటూ, "ఇవాళ నేనేం రంగు వేసుకున్నానురా?" అని అడిగిందట. అవతలి గదిలోంచి మరిది "ఏ రంగైతే ఏంటమ్మా, శుభ్రంగా ఉందిగా" అన్నాడట. ప్రేమగానే అన్నాడు పాపం. ఆవిడ మరి నోరెత్తలేదు. చెల్లి ఆ గదిలోనే ఉంది.

"నన్నూ అలాగే కూర్చోబెడతారక్కా" అంది చెల్లి, ఆ మెట్ల మీదే. "ప్రేమతోనే నన్ను బొమ్మను చేస్తారు. నా బట్టలు నేనే తీసుకుని, నేనే తొడుక్కుని, నా కాళ్ల మీద నేను గుమ్మం దాటాలి. కళ్లు మూసుకుని ఇదంతా చేసి చూపించాకే ఆయనకు చెప్తాను. ముందే చెప్పానా, అయిపోయాను. ఇక నన్ను లేవనివ్వరు."

అదీ సంగతి. బీరువా సర్దుకోవడమంటే ఎవరికైనా సెలవురోజు సరదా. దానికది ప్రాణం మీదికొచ్చిన పని.

చూపు పోయినవాళ్లకు ఇంటిపనులు నేర్పే మాస్టారొకాయన ఉన్నారని ఆసుపత్రిలో విని, నేనే వెళ్లి బతిమాలి తీసుకొచ్చాను. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దారాల దుకాణం మూస్తారు, మరిది ఆ సమయానికి బడి దగ్గరే ఉంటాడు. ఆ వేళ చూసుకుని మాస్టారు వచ్చేవారు. మొదటి రోజు బీరువా తలుపు తీయించి, లోపల చెయ్యి పెట్టి కాసేపు తడిమారు. దారపు కండె ఒకటి దొర్లి ఆయన పాదం మీద పడింది. దాని వెనకే ఇంకోటి.

"అమ్మా, ఇందులో మనుషులెవరూ ఇరుక్కుపోలేదు కదా?" అన్నారు.

నేను పకపకా నవ్వాను. చెల్లి పెదవి కూడా కదపలేదు.

"అన్నీ బయట పడెయ్యండి. లోపల గాలి తప్ప ఏమీ ఉండకూడదు" అన్నారాయన.

ఇల్లు పీకి పందిరేశాం. మంచం నిండిపోయింది, నేల నిండిపోయింది, కాలు పెట్టే చోటు లేదు. మాస్టారు ఆ గుట్ట మధ్యలో కూర్చుని రెండు డ్రెస్సులు చేతిలోకి తీసుకున్నారు. రెండూ ఆకుపచ్చవే.

"ఈ రెండింటికీ తేడా ఏంటమ్మా?"

"రంగు."

"గుడ్డ?"

"ఒకటేనండీ."

"మెడ? చేతులు?"

"అవీ ఒకటే."

"అయితే ఒకటి పోవాలి."

"అదేంటండీ! అది సీసా పచ్చ, ఇది..."

"నా చేతికి తెలియట్లేదు. ఇంకొన్నాళ్లకు నీకూ తెలియదు. చేతికి తెలియని తేడాను ఇంట్లో ఉంచుకోకు. పొద్దున్నే బీరువా ముందు నిలబెట్టి రోజూ ఏడిపిస్తుంది నిన్ను."

చెల్లి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మీకేం తెలుసండీ రంగు సంగతి!" అనేసింది. చూపులేని మనిషిని అంత మాట అంటుందా! మాస్టారికి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు.

"నాకేం తెలియదమ్మా. అందుకే నా బీరువా నాకు తేలిక. నేనేమీ పోగొట్టుకోలేదు. నీకలా కాదు, తెలిసి తెలిసి వదులుకోవాలి. ఏడుపొస్తే ఏడువు. చేతులు మాత్రం ఆపకు."

అది ఏడుస్తూనే మడతపెట్టింది. ముక్కు చీదుకోవడానికి కూడా ఆగలేదు.

తర్వాత తర్వాత మాస్టారి పద్ధతి నాకూ అర్థమైంది. పైదీ కిందిదీ కలిపి ఒకే హ్యాంగరుకు వేయాలి. అప్పుడు ఒకటి తీస్తే రెండోది వెతుక్కోనక్కర్లేదు. పనికి వేసుకునేవి ఎడమవైపు, ఇంట్లోవి కుడివైపు. నూలు, ఉన్ని, పట్టులాంటి నునుపుది, జాలీది, ఇలా గుడ్డను బట్టి చేతికి వెంటనే తెలిసిపోవాలి. అలా తెలియకపోయినా వదులుకోలేనివి ఏవో కొన్ని ఉంటాయి కదా, వాటి మెడ లోపల దారంతో ముడులు వేసుకోవచ్చు. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు. "ఎక్కువ వద్దు, తికమక పడతావు" అన్నారు మాస్టారు. చెల్లి ఆకుపచ్చల్లో మూడంటే మూడు ఉంచుకుంది. గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, గుడ్డను ముక్కుకు ఆనించుకుని, ఏది ఏదో తేల్చుకోవడానికి నానా అవస్థా పడి, వాటి మెడల్లో ముడులు వేసుకుంది. "ఇప్పుడే వేయాలక్కా. ఇంకాస్త ఆలస్యమైతే ఇవేంటో నాకే తెలియదు" అంది. ఆ సూదిలోకి దారం ఎక్కించింది నేనే.

కండెలూ బొత్తాలూ దర్జీలకు పంచిపెట్టాం. మిగతా బట్టలు వీధి చివర పాతబట్టల దుకాణానికి నేనే మోశాను. మోసి మోసి నా భుజాలు పడిపోయాయి. అదేమో గుమ్మం దాకా వచ్చి, సంచిలో చెయ్యి పెట్టి ఒకటి వెనక్కి లాక్కునేది. నేను మళ్లీ లాక్కునేదాన్ని. నడివీధిలో అక్కాచెల్లెళ్లం చెరో కొసా పట్టుకుని గుంజుకుంటుంటే పోయేవాళ్లు ఆగి చూశారు. "ఏం చూస్తున్నారు? మీ ఇళ్లల్లో బట్టలు లేవా?" అని అరిచాను. సిగ్గూ లేదు, శరమూ లేదు నాకు ఆ రోజుల్లో.

ఇక సాధన. కళ్లకు గుడ్డ కట్టుకుని బీరువా ముందు నిలబడేది. మొదట్లో హ్యాంగరు తీస్తే ఇంకో రెండు కిందపడేవి. వాటికోసం వంగితే తలుపుకు నుదురు కొట్టుకునేది. ఒకరోజు చేతులు మెడలోకి, తల చేతిలోకి దూర్చుకుని, లోపల ఇరుక్కుపోయి, ఊపిరాడక కేకలు పెట్టింది. నేను లాగి తీశాను. నేల మీద కూలబడి తల బాదుకుంది.

"నా వల్ల కాదక్కా. నన్ను తీసుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెట్టెయ్యండి. పీడా పోతుంది."

"కూర్చోబెడతా. నోట్లో ముద్ద కూడా పెడతా. కుక్కిన పేనులా పడి ఉంటావా మరి?" అన్నాను. ఒళ్లు మండి అన్నాను. లోపల నాకూ ధైర్యం లేదు. చూపు మేము అనుకున్నదానికంటే వేగంగా పోతోంది. దుకాణంలో కాళ్లనొప్పులని వంక చెప్పి బొత్తాల బల్ల దగ్గరికి మారింది, అక్కడైతే చేతివేళ్లతో నెట్టుకురావచ్చని. దర్జీలు "రంగులమ్మా, అలిగావా?" అని అడుగుతుంటే నవ్వి ఊరుకునేది. ఒకసారి నాతో "ఆయన మొహం మధ్యలో మసకక్కా. చెవులు మాత్రం బాగా కనిపిస్తున్నాయి. ఎంత పెద్ద చెవులో, ఇన్నేళ్లూ చూడనేలేదు" అంది. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

అయినా నేర్చుకుంది. మొండిఘటం. చేతులకు మెల్లగా బుద్ధొచ్చింది. కళ్లకు గుడ్డ కట్టుకుని, మెడలో ముడులు లెక్కపెట్టుకుని, "ఇది గడ్డిపచ్చ" అని చెప్పి, తొడుక్కుని, దువ్వుకుని, చెప్పులు వేసుకుని గుమ్మం దాటింది. మాస్టారు చప్పట్లు కొట్టారు. "ఆదివారం ఆయనకు చెప్పేస్తానక్కా" అంది, గుడ్డ విప్పుతూ. దాని ముఖం అలా వెలగడం నేను ఎన్నాళ్లకో చూశాను.

ఆ వారంలోనే మరిది మా ఇంటికొచ్చాడు. బస్సు తాళాలు చేతిలో తిప్పుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు.

"వదినా, మీ చెల్లి నాతో సుఖంగానే ఉందంటారా?"

చెల్లికిచ్చిన మాట తప్పలేను. ఏం చెప్పను? "ఏమయ్యా, పనీపాటా లేదా నీకు? ఇంటికెళ్లు" అని కసిరాను. తలూపి వెళ్లిపోయాడు.

శనివారం బడికి సెలవు, దారాల దుకాణానికి లేదు. సాయంత్రం చెల్లి ఫోను చేసింది. "అక్కా, రా" అని ఒక్కటే మాట. ఆ గొంతు విని, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

బీరువా తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నా కళ్లకైతే ఎంత బాగుందో చెప్పలేను! కొత్త కడ్డీ బిగించి ఉంది. కొత్త అరలు వేసి ఉన్నాయి. పొడుగువి పొడుగువాటితో, పొట్టివి పొట్టివాటితో వరసగా వేలాడుతున్నాయి. పైవి ఒకచోట, కిందివి ఇంకోచోట. అన్నిటికీ మడత నలగని ఇస్త్రీ. మేము ఇచ్చేసిన ఆకుపచ్చలన్నీ కూడా వాటి మధ్యలో తిరిగొచ్చి ఉన్నాయి. చేతిలో స్క్రూడ్రైవరుతో, చెమటతో తడిసిన చొక్కాతో మరిది గోడకు ఆనుకుని ఉన్నాడు. చెల్లి నేల మీద కూర్చుని, ఒక్కో డ్రెస్సు మెడ తిరగేసి వేళ్లతో వెతుకుతోంది.

"ముడి లేదక్కా. దీనికీ లేదు. దీనికీ లేదు."

"దారప్పోగులు వేలాడుతుంటే కత్తిరించాను" అన్నాడు మరిది, ఏం తప్పు చేశానా అన్నట్టు చూస్తూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరు చేయమన్నారయ్యా నిన్ను? ఎవరు చేయమన్నారు?"

"వెళ్లిపోతోందేమోనని వదినా!" అని అరిచాడు మరిది. ఆ మనిషి అరవగా నేను వినలేదెప్పుడూ. "బీరువా ఖాళీ అయిపోతోంది. మీరు సంచులు మోస్తున్నారు. దారిలో చూస్తే దీని బట్టలు పాతబట్టల దుకాణంలో వేలాడుతున్నాయి. మధ్యాహ్నం పూట ఎవరో మనిషి వస్తున్నాడని పక్కింటావిడ చెప్పింది. అడిగితే నిజం చెప్తుందేమోనని భయమేసి అడగలేదు. అర వేయించమని ఇది ఎన్నేళ్లుగా నెత్తీ నోరూ బాదుకుంది, నేను ఇదిగో అదిగో అన్నాను. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను వదినా. బట్టలన్నీ మళ్లీ కొనుక్కొచ్చాను. బీరువా బాగుంటే ఉండిపోతుందేమోనని."

చెల్లి తల ఎత్తింది. కానీ ఆయన వైపు కాదు, కాస్త పక్కకు చూసింది. అలా చూస్తేనే దానికిప్పుడు ఏదైనా కనిపిస్తుంది.

"నేనెక్కడికి పోతానండీ? నాకు మీ మొహమే కనిపించట్లేదు."

చెప్పింది. డాక్టరమ్మ మాట, ముసలి దర్జీ కండె, మాస్టారు, అన్నీ చెప్పింది. మరిది చేతిలో స్క్రూడ్రైవరు కిందపడింది. మోకాళ్ల మీద కూలబడి దాని చేతులు పట్టుకున్నాడు. ఏం చేస్తాడని అది ఇన్నాళ్లూ భయపడిందో, సరిగ్గా అదే చేశాడు.

"నేనున్నాగా. నేను తీసిస్తా, నేనే తొడుగుతా. నువ్వు కదలొద్దు. ఆ దుకాణం మానెయ్. నువ్వు ఊరికే కూర్చో, అన్నీ నేను చూసుకుంటా."

చెల్లి చేతులు అలాగే చచ్చుబడిపోయాయి ఆయన చేతుల్లో. అప్పుడు నెమ్మదిగా అడిగింది.

"ఒంటి మీద ఏం రంగుందని మీ అమ్మగారు అడిగిన రోజు గుర్తుందా? ఏం రంగు తొడిగారు ఆవిడకి?"

మరిది ఆలోచించాడు. గుర్తు లేదు.

"లేత ఊదా. నాకు తెలుసు. ఆవిడకే తెలియదు. తెలియకుండానే పోయింది" అంది చెల్లి. చేతులు వెనక్కి లాక్కుంది.

మరిది ఏడ్చిన ఏడుపు సంగతి రాయను. ఎంతైనా మగాడు, చదివితే నొచ్చుకుంటాడు.

తెల్లారాక, ఆదివారం, మళ్లీ అన్నీ బయట పడేశాం. మళ్లీ మంచం నిండా గుట్టలు. ఉన్నివీ నునుపువీ చెల్లి చేతులు ఇట్టే ఏరేశాయి. చిక్కల్లా ఆ ఆకుపచ్చల దగ్గరే. తన మూడూ అన్నిటితో కలిసిపోయాయి. అన్నీ ఒకే గుడ్డ. అప్పుడైతే దాని కళ్లకు కాస్త తేడా తెలిసింది, ముడులు వేసుకుంది. ఇప్పుడది కూడా లేదు. ఇక మేమిద్దరమే దానికి కళ్లు. చూడండి ఖర్మ, ఒకరు బస్సు డ్రైవరు, ఒకరు తెల్ల దుప్పట్ల మనిషి.

"ఇది ఏంటో చెప్పండి" అంది.

"పచ్చ" అన్నాడు మరిది, కిటికీ దగ్గర పట్టుకుని.

"ఏ పచ్చ?"

"పచ్చంటే పచ్చేనే!"

"సరిగ్గా చూడండి. దేనిలా ఉంది?"

మరిది డ్రెస్సు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "మన బస్సు సీటులా ఉంది."

"కొత్త సీటా, ఎండకు వెలిసిన సీటా?"

మరిది డ్రెస్సు చంకన పెట్టుకుని కింద ఆపిన బస్సు దగ్గరికి పరుగెత్తాడు. కిటికీలోంచి చూశాను. బస్సెక్కి, ఒక్కో సీటు మీదా ఆ డ్రెస్సు పరిచి, తల వంచి చూస్తున్నాడు. ఆయాసపడుతూ తిరిగొచ్చాడు.

"వెలిసింది. డ్రైవరు వెనక సీటు."

"అయితే అది గడ్డిపచ్చ" అంది చెల్లి. గబగబా డ్రెస్సు మెడ తడిమి, నేను దారం ఎక్కించిచ్చిన సూదితో, వేళ్ల అంచనాతోనే కుట్టి ముడి వేసుకుంది. దాని ముఖంలో ప్రాణం వచ్చింది. "ఇంకోటి!"

ఇంకోటి తేలలేదు. మరిది మళ్లీ కిందికెళ్లాడు, వంటింట్లోకి వెళ్లి సీసాల పక్కన పెట్టి చూశాడు, వీధిలోకి వెళ్లి చెట్టు కొమ్మ తుంచుకొచ్చాడు. "ఇదేమో" అంటాడు. "కాదేమో" అంటాడు. నేనూ చూశాను. నా కంటికి అన్నీ పచ్చే. చెల్లి తీసుకుని కళ్ల పక్కకు పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, కంటికి ఆనించుకుని చూసింది. వెలుతురులో చూసింది. నీడలో చూసింది.

"బూడిదలా ఉంది. అన్నీ బూడిదలానే ఉన్నాయి" అంది.

మరిది చివరి డ్రెస్సు పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. "నాకు తెలియట్లేదే. ఎంత చూసినా తెలియట్లేదు" అన్నాడు.

"పోనీండి. సంచిలో వేసెయ్యండి" అంది చెల్లి.

"నేర్చుకుంటా. దుకాణానికెళ్లి ఆ కండెలన్నీ చూసి నేర్చుకుంటా."

"వద్దండీ. మీకు తెలిస్తే మీకు తెలుస్తుంది. నాకు తెలియదుగా."

ఒక్క గడ్డిపచ్చ తప్ప మిగతా ఆకుపచ్చలన్నీ సంచిలోకి పోయాయి. ఈసారి అది చెయ్యి పెట్టి వెనక్కి లాక్కోలేదు. లాక్కుంటే బాగుండునని నాకు అనిపించింది.

బీరువాలో మిగిలినవి ఎంత తక్కువంటే, తలుపు తీస్తే వెనక చెక్క కనిపించింది. చెల్లి పైదీ కిందిదీ కలిపి తనే తగిలించుకుంది. తర్వాత మమ్మల్నిద్దర్నీ బయటికి పొమ్మంది. "నేను పిలిచేదాకా ఎవరూ రావద్దు" అని తలుపేసుకుంది.

మేమిద్దరం ముందుగదిలో కూర్చున్నాం. లోపల హ్యాంగరు పడిన చప్పుడైంది. మరిది చటుక్కున లేచాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. తలుపుకు ఏదో కొట్టుకున్న చప్పుడు, "అమ్మా" అన్న మూలుగు. మళ్లీ లేచాడు. "కూర్చోవయ్యా" అన్నాను. నాకూ లేవాలనే ఉంది. లోపల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

తలుపు తెరుచుకుంది. గడ్డిపచ్చ డ్రెస్సులో వచ్చి నిలబడింది చెల్లి. కుట్లన్నీ బయటికున్నాయి, మెడ వెనక కంపెనీ చీటీ వేలాడుతోంది. నా ప్రాణం ఉసూరుమంది.

"ఎలా ఉన్నాను?" అని అడిగింది, మేం కూర్చున్న వైపు ముఖం తిప్పి.

మరిది నా వైపు చూశాడు. బాగున్నావనేస్తాడనుకున్నాను. లేదా లేచి వెళ్లి సరిచేసేస్తాడనుకున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, బరువంతా వాటి మీద వేసి కూర్చున్నాడు.

"తిరగేసి తొడుక్కున్నావు" అన్నాడు.

చెల్లి పక్క కుట్టు తడుముకుంది. "ఛీ!" అంది, విసుగ్గా. వెనక్కి తిరిగి, చెయ్యి చాపి తలుపు వెతుక్కుని, లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. మళ్లీ హ్యాంగరు కిందపడింది. మరిది ఈసారి లేవలేదు.